గంజాం జిల్లాలో ఒక ఏఆర్‌టీ కేంద్రం: బిడ్డను కోరుకునే స్త్రీలకు అక్కడ అందే సేవ

ఈ సమీక్ష ఒడిశాలో గంజాం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రం గురించి. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి ఉచితంగా మందులిచ్చే ఈ కేంద్రానికి నేను 2015 నుంచి వెళుతున్నాను. ఆసుపత్రి పేరు గానీ ఊరి పేరు గానీ రాయడం లేదు, నా పేరూ రాయడం లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చే ఆడవారికీ, ఇటు గోపాలపురం, ఛత్రపురం పక్క పల్లెల్లో ఉన్న మన తెలుగువారికీ ఏ కేంద్రానికి వెళ్లినా పనికివచ్చే సంగతులే రాస్తాను. వైరస్ ఉన్న స్త్రీ బిడ్డను కనాలనుకుంటే అక్కడ ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నదే ఇందులో విషయం.

నా మాట ముందే చెప్పేస్తాను. మందులకు, గర్భిణికి, పుట్టిన బిడ్డకు ఈ కేంద్రం చేసే సేవకు ఐదుకు ఐదు ఇస్తాను. గర్భం రాకపోతే ఎందుకు రావడం లేదో చూసే విషయంలో మాత్రం ఒకటికి మించి ఇవ్వలేను, ఎందుకంటే అక్కడ అది ఎవరి పనీ కాదు. ఆ ఖాళీలో నావి నాలుగేళ్లు పోయాయి.

నా మొదటి పెళ్లి 2012లో జరిగింది. ఆయన సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసేవారు. సూరత్‌కు వలస వెళ్లిన మనిషి లేని వీధి మా జిల్లాలో వెతికినా దొరకదు. 2015లో ఆయనకు టీబీ వచ్చి పరీక్షలు చేసినప్పుడు ఇద్దరికీ వైరస్ ఉన్నట్టు తెలిసింది. మరుసటి ఏడు ఆయన పోయారు. 2018లో నా సంగతి అంతా తెలిసిన మనిషి, వైరస్ లేని మనిషి, నన్ను పెళ్లి చేసుకున్నారు. పెళ్లయిన నెలకు ఇద్దరం కలిసి కేంద్రానికి వెళితే, కౌన్సెలింగ్ గదిలో ఉన్న ఆమె మర్యాదగా కూర్చోబెట్టి, ఎట్టి పరిస్థితిలోనూ కండోమ్ మానవద్దని మూడుసార్లు చెప్పి, ఒక పెట్టె చేతికిచ్చి పంపారు. పిల్లలు కావాలా అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ఆశ బయటపెడితే తిడతారేమోనన్న భయంతో ఆమె ముందు తల దించుకుని కూర్చున్నాను.

అప్పటికే ఆ భయానికి ఆధారం లేదని ఇప్పుడు తెలుసు. తొమ్మిది దేశాల్లో 1763 జంటల మీద జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అనే పరిశోధనలో, భార్యాభర్తల్లో ఒకరికి వైరస్ ఉండి, ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెడితే రెండోవారికి సోకడం 96 శాతం తగ్గినట్టు 2011లోనే తేలింది. ఆ జంటల్లో చెన్నై, పూనాల వారు కూడా ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు మరింత స్పష్టంగా చెప్పాయి. రోజూ తప్పకుండా మందు వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, ఆ స్థితి కనీసం ఆరు నెలలు నిలిచిన మనిషి నుంచి శృంగారం ద్వారా వైరస్ సోకదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే నా వైరల్ లోడ్ కాగితం మీద ఇంగ్లీషులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్', అంటే వైరస్ కనబడలేదు, అని అచ్చయి ఉండేది. ఆ మూడు మాటలకు అర్థం నా భర్తకూ నాకూ సంబంధించినదని, బిడ్డ కోసం నెలలో కొన్ని రోజులు కండోమ్ లేకుండా కలవడానికి అదే మాకు దక్కిన అనుమతి అని నాకు విడమరచి చెప్పినవారు మూడేళ్ల దాకా ఎవరూ లేరు.

చెప్పింది చివరికి ఒక తెలుగు అక్క. ఆమె సముద్రం ఒడ్డు పల్లె మనిషి, తనూ వైరస్‌తో జీవిస్తూ అదే కేంద్రంలో కొత్తగా వచ్చినవారికి తోడుగా పనిచేస్తుంది. కేంద్రంలోని గోడల మీద పటాలన్నీ ఒడియాలో ఉంటాయి, కరపత్రాలూ ఒడియాలోనే. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు కానీ చదవడం రాదు, మాలో చాలామందికి రాదు. ఒకసారి వరుసలో కూర్చున్నప్పుడు ఆమె, కేంద్రం వారు నా చికిత్స వివరాలు రాసే ఆకుపచ్చ పుస్తకం తీసుకుని, చివరి కాగితం తిప్పి చూసి, "ఇంత బాగుంది కదా చెల్లీ, మరి పిల్లల సంగతి డాక్టరమ్మతో మాట్లాడావా?" అని అడిగింది. కేంద్రానికి వెళ్లడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. ఆమెకు జీతం అంతంత మాత్రం, కూర్చోవడానికి కుర్చీ కూడా వేరే లేదు. ఈ కేంద్రానికి నేనిచ్చే మార్కుల్లో పెద్ద వాటా ఆమెదే.

మందుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఆడవారిలో దీని మీద అపోహ ఇంకా పోలేదు. 2021లో నా పాత మందు మార్చి టీఎల్‌డీ ఇచ్చారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర అది, రోజుకొకటి. నెలకు ఒక సీసా, అందులో ముప్పై మాత్రలు. బస్సులో సీసా గలగలమంటే పక్కవారు అడుగుతారని మా కేంద్రానికి వచ్చే ఆడవారిలో చాలామంది లోపల దూది కుక్కుతారు. నేనూ కుక్కుతాను. ఆ మాత్ర చేతికొచ్చిన రోజున, పిల్లలు కావాలనుకునేవారు అది వేసుకోకూడదట, బిడ్డకు వెన్ను లోపం వస్తుందట అని వరుసలో ఒకామె అంది. మరో చోట మందులిచ్చే ఒక ఉద్యోగి కూడా అదే మాట అని, గర్భం సంగతి ఒక ఏడాది ఆపుకోమన్నారు. మేము ఆపుకున్నాం.

ఆ మాటకు మూలం లేకపోలేదు. 2018 మేలో బోట్స్‌వానా దేశం నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. గర్భం దాల్చే సమయానికే డోలుటెగ్రావిర్ వాడుతున్న తల్లులకు పుట్టిన 426 మంది బిడ్డల్లో నలుగురికి మెదడు, వెన్నుపాము ఏర్పడటంలో లోపం కనిపించింది. కానీ అదే పరిశోధన కొనసాగి, లెక్క వేలల్లోకి వెళ్లేకొద్దీ ఆ తేడా కరిగిపోయింది. 2019 జూలైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, బిడ్డలను కనే వయసులో ఉన్న స్త్రీలతో సహా అందరికీ డోలుటెగ్రావిర్‌నే మొదటి మందుగా సిఫారసు చేసింది. అంటే నన్ను ఆగమన్ననాటికి ఆ భయం తీరిపోయి రెండేళ్లయింది. భయం కలిగించిన వార్త మా వరుస దాకా వచ్చింది, దాన్ని సరిదిద్దిన వార్త రాలేదు. గర్భం కోసం చూసే ప్రతి స్త్రీ వేసుకోవలసిన ఫోలిక్ యాసిడ్ మాత్రను మాత్రం గర్భం రాకముందే మొదలుపెట్టాలి. కేంద్రంలో ఎవరూ తమంతట తాము ఇవ్వరు, అడిగితే పక్క విభాగం నుంచి రాసిస్తారు.

తెలుగు అక్క చెప్పాక నెలసరి తేదీలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని ప్రయత్నించాం. తర్వాతి నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు అండం విడుదలవుతుంది కాబట్టి ఆ రోజు, దానికి ముందు నాలుగైదు రోజులు ముఖ్యం. నెలలు గడిచినా గర్భం రాలేదు. ఇక్కడే ఈ కేంద్రంలోని లోటు బయటపడింది. ఏఆర్‌టీ డాక్టరు, మీ వైరస్ అదుపులో ఉంది కాబట్టి నా వైపు నుంచి అభ్యంతరం లేదు, గైనిక్ ఓపీకి వెళ్లమన్నారు. గైనిక్ ఓపీలో, మీది ఏఆర్‌టీ కేసు, ముందు వారి నుంచి రాయించుకురండి అన్నారు. రెండు గదుల మధ్య ఒక ఆవరణ, ఒక వేపచెట్టు ఉన్నాయి. ఆ చెట్టు కింద నుంచి నేను ఆ ఏడాది ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచానో లెక్కలేదు.

వైరస్ ఉన్న స్త్రీలకు గర్భం రావడం మిగతావారికంటే కష్టమవుతుందన్నది కొత్త విషయం కాదు. 1998లోనే ఉగాండాలోని రాకాయి జిల్లాలో చేసిన పెద్ద అధ్యయనం, మందులు అందని రోజుల్లో వైరస్ ఉన్న స్త్రీలలో గర్భాలు తక్కువగా ఉన్నాయని చూపింది. రోగనిరోధక శక్తి పడిపోయి, మనిషి చిక్కిపోయినప్పుడు నెలసరి తప్పుతుంది. వైరస్‌తోపాటు సోకిన సుఖవ్యాధులు చికిత్స లేకుండా మిగిలిపోతే అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబులు మూసుకుపోతాయి. మన దేశంలో దీనికి తోడు గర్భసంచికి, ట్యూబులకు పట్టే టీబీ ఉంది, అది దగ్గు లేకుండా, జ్వరం లేకుండా ఏళ్ల తరబడి లోపలే ఉండిపోగలదు. భర్త చనిపోవడం, దూరంగా ఉండటం, మందులతో ఆరోగ్యం కుదుటపడేసరికి స్త్రీ వయసు ముప్పై దాటిపోవడం వేరే సంగతి. ఏఆర్‌టీ మందు వీటిలో కొన్నిటిని బాగుచేస్తుంది: బరువు పెరుగుతుంది, నెలసరి సర్దుకుంటుంది. కానీ మూసుకుపోయిన ట్యూబును ఏ ఏఆర్‌టీ మాత్రా తెరవలేదు. అందుకే వైరల్ లోడ్ బాగుందన్న మాటతో సరిపెట్టకూడదు. మొదటి భర్త టీబీతో పోయిన ఆడమనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె గర్భసంచిని ఒకసారి చూడాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి రావలసింది.

ఓపిక నశించి, సముద్రతీరంలోని ఒక నగరంలో ఉన్న ప్రైవేటు సంతానసాఫల్య కేంద్రానికి వెళ్లాం. బయట పలక మీద 'ఏఆర్‌టీ లెవెల్ 2 క్లినిక్' అని ఉంది. మా ఆయన అది చూసి ఇక్కడా మన మందులిస్తారన్నమాట అని సంతోషించారు. కృత్రిమ గర్భధారణ పద్ధతులకూ ఇంగ్లీషులో అవే మూడక్షరాలు, 2021లో వచ్చిన చట్టం కూడా ఆ పేరుతోనే ఉంది. చదువుకున్నవారు కూడా ఇక్కడ పొరబడతారు, కాబట్టి ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు సంతానం కోసమా, హెచ్‌ఐవీ మందుల కోసమా అన్నది విడిగా చెప్పండి. లోపల మాకు ఎదురైనది వేరు. ట్యూబుల ఎక్స్‌రే తీయాలన్నారు, డబ్బు కట్టించుకున్నారు, నేను నా పరిస్థితి చెప్పాక ప్రత్యేక కిట్ల ఖర్చు అంటూ మరో పెద్ద మొత్తం అడిగారు, ఒప్పుకున్నాక యంత్రం పాడైందన్నారు. వెళ్లేటప్పుడు అక్కడి డాక్టరు, మీలాంటివారికి పిల్లలెందుకమ్మా, ఉన్న ఆరోగ్యం చూసుకోండి అన్నారు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యంలో ఇలా వివక్ష చూపడం నిషిద్ధం. ఆ చట్టమే గర్భిణి అయిన హెచ్‌ఐవీ స్త్రీకి ఆమె తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా గర్భస్రావం గానీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గానీ చేయకూడదని కూడా చెబుతుంది. ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే వైద్యశాలలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, రాష్ట్ర స్థాయిలో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలి. ఇవన్నీ ఆ రోజు తెలియక ఏడుస్తూ రైలెక్కాను.

తర్వాత మేలు చేసింది మళ్లీ ప్రభుత్వ ఆసుపత్రే. తెలుగు అక్క నన్ను వెంటపెట్టుకుని గైనిక్ విభాగంలో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లి, ఆవరణకు అటు చెప్పినదీ ఇటు చెప్పినదీ అంతా ఆమె ముందు పెట్టింది. ఆ డాక్టరమ్మ ఒక్క వారంలో మూడు పనులు చేయించారు: గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి టీబీని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపారు, ట్యూబుల ఎక్స్‌రే తీయించారు, మా ఆయన వీర్యపరీక్ష చేయించారు. గర్భసంచిలో టీబీ ఉందని తేలింది. ఒక ట్యూబు మూసుకుపోయింది, రెండోది తెరిచి ఉంది. ఆరు నెలలు టీబీ మందులు వాడాను. అందులోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, టీఎల్‌డీ వేసుకున్న పన్నెండు గంటలకు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర మరొకటి విడిగా ఇచ్చారు. ఆ అదనపు మాత్రను టీబీ మందులు ఆగాక కూడా రెండు వారాలు కొనసాగించారు. ఈ విషయంలో ఏఆర్‌టీ కేంద్రం ఒక్కరోజు కూడా పొరపాటు చేయలేదు. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) కోసం మెట్‌ఫార్మిన్ వాడే చెల్లెళ్లు కూడా గుర్తుంచుకోవాలి: డోలుటెగ్రావిర్‌తోపాటు మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకూడదు, బయటి డాక్టరు రాసినా సరే మాత్రల పేర్లు కేంద్రంలో చూపించాలి.

చికిత్స ముగిశాక 2023లో గర్భం నిలిచింది. టీబీ తాకిన గర్భసంచికి అందరికీ ఇలా జరగదని డాక్టరమ్మ ముందే చెప్పారు, కాబట్టి నా ఒక్కదాని కథ చూసి ఎవరూ లెక్కలు వేసుకోవద్దు. గర్భం వచ్చాక మాత్రం ఆ కేంద్రం పనితీరు చూసి తీరాలి. చికిత్స లేకపోతే నూరు మంది తల్లుల్లో పదిహేను నుంచి నలభై ఐదు మంది బిడ్డలకు వైరస్ సోకే అవకాశం ఉంటుంది. గర్భానికి ముందే మందు మొదలై, వైరస్ అణిగి ఉన్న తల్లికి ఆ ప్రమాదం నూటికి ఒకటి రెండుకు మించదు. గర్భిణులు వరుసలో నిలబడనవసరం లేదు. అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవని ఫార్మసిస్టు నా ఆకుపచ్చ పుస్తకం వెనక అట్ట మీద గడియారం బొమ్మలు గీసి ఇచ్చారు: ఉదయం టిఫిన్ తర్వాత కాల్షియం, మధ్యాహ్నం భోజనం తర్వాత ఐరన్, రాత్రి తొమ్మిదికి టీఎల్‌డీ. టీఎల్‌డీని ఆ మాత్రలకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలన్నది లెక్క. చదువురాని మా అత్తగారు కూడా ఆ బొమ్మలు చూసి నాకు గుర్తు చేసేవారు. ఎనిమిదో నెలలో మళ్లీ వైరల్ లోడ్ చూశారు. వైరస్ ఉందన్న కారణంతో ఆపరేషన్ చేయనవసరం లేదన్నారు, మామూలు కాన్పే అయింది. కాన్పుల వార్డులో మాత్రం కేసు షీటు మీద నాకు వైరస్ ఉందని అందరికీ కనబడేలా ఎర్ర సిరాతో రాశారు. నా మంచం పక్కన మూడో మంచం దాకా ఎవరూ రాలేదు. దాని మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను.

పాపకు పుట్టిన రోజు నుంచి ఆరు వారాలు వైరస్ సోకకుండా కాపాడే నెవిరపిన్ సిరప్ పట్టాను. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టవద్దని, తల్లిపాలూ డబ్బాపాలూ కలిపి ఇవ్వడమే అన్నిటికంటే ప్రమాదమని నర్సు దీదీ ఇంటివారందరి ముందూ చెప్పడం వల్ల పెద్దవాళ్లు తేనె నాకించే పట్టుదల మానుకున్నారు. ఆరో వారంలో వైరస్ పరీక్ష కోసం పాప మడమ గుచ్చి, ఒక అట్ట మీద ముద్రించిన ఐదు సున్నాల్లో ఒక్కొక్క చుక్క నింపారు. చుక్క సున్నా అంతా నిండేదాకా దీదీ ఊపిరి బిగపట్టి చూడటం నేను చూశాను. తర్వాత ఆరో నెల, పన్నెండో నెల పరీక్షలు, చివరికి పద్దెనిమిదో నెలలో జరిగే పరీక్ష అన్నీ అయ్యాయి. పాపకు వైరస్ లేదు. మా ఆయనకూ లేదు.

కేంద్రంలో ఉండే మా తెల్ల కార్డులో బరువు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), మందు తప్పిన రోజులు అన్నీ రాస్తారు. పిల్లలు కావాలా, ఎప్పుడు కావాలి అన్న గడి కూడా ఒకటి చేర్చి, ఏడాది ప్రయత్నించినా గర్భం రానివారిని, ముప్పై అయిదు దాటినవారైతే ఆరు నెలలకే, గైనిక్ విభాగానికి కాగితం రాసి కేంద్రమే పంపాలని, గోడ మీద ఒక పటమైనా తెలుగులో పెట్టాలని అర్జీ రాశాను. నేను తెలుగులో రాస్తే తెలుగు అక్క కొడుకు ఒడియాలోకి మార్చాడు. ఇంకా జవాబు రాలేదు.

వెళ్లేవారు ఆకుపచ్చ పుస్తకం, చివరి రెండు వైరల్ లోడ్ కాగితాలు, భర్త ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రం) కాగితం, నెలసరి తేదీలు గుర్తు పెట్టిన క్యాలెండర్ తీసుకుని వెళ్లండి. కౌన్సెలింగ్ గదిలో కూర్చోగానే, వారు అడిగేదాకా ఆగకుండా, బిడ్డ కావాలని మీరే చెప్పండి. ఏఆర్‌టీ డాక్టరు చేత గైనిక్ ఓపీకి చీటీ రాయించుకోకుండా ఆ గది దాటవద్దు. అనుమానాలుంటే 1097 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. తెలుగు అక్క బుధ, శనివారాల్లో పొద్దున తొమ్మిది నుంచి మందుల కిటికీ పక్కనే నిలబడి ఉంటుంది.